ఐసు పగలగొట్టే ఆట – నా అభిప్రాయం



ఇంగ్లీషు పాఠానికి ముందు ఆడించే ఆటను ‘ఐస్‌బ్రేకర్’ అంటారని మేడం చెప్పారు. మాకు తెలిసిన ఐసు సైకిల్ మీద వచ్చే పుల్ల ఐసే. దాన్ని పగలగొట్టుడు ఎందుకని నవ్వుకున్నాం. గడ్డకట్టిన భయాన్ని పగలగొట్టడమని తర్వాత అర్థమైంది.

ఆటలు ఉండాలనే నేను అంటాను. కానీ అన్ని ఆటలూ మంచివి కావు.

మొదటిరోజు ఒక్కొక్కరినీ లేపి పేరు, హాబీ చెప్పమన్నారు. మా ఇంట్లో గోండి మాట్లాడతాం. తెలుగే బడికొచ్చి నేర్చుకున్నాను. ఇంగ్లీషు మూడో భాష. పేరు చెప్పిన. హాబీ అంటే ఏమిటో తెలియక అట్లే నిలబడ్డాను. వెనక కొందరు నవ్వినరు. తెల్లారి కడుపునొప్పి అని అబద్ధం చెప్పి క్లాసుకు పోలేదు. అట్లాంటి ఆటతో ఐసు పగలదు, ఇంకా గట్టిపడతది.

తర్వాత ‘రెండు నిజాలు, ఒక అబద్ధం’ ఆట ఆడినం. మూడు వాక్యాలు ఇంగ్లీషులో చెప్పాలి. ఏది అబద్ధమో మిగతావాళ్లు కనిపెట్టాలి. ముందు పక్కనున్న దోస్తుకు చెప్పి చూసుకోవచ్చు. గోండిలో మాట్లాడుకున్నా మేడం ఏమీ అనలేదు. నేను చెప్పినవి ఇవి: “ఐ సా ఎ బేర్. ఐ హావ్ ఫోర్ సిస్టర్స్. ఐ క్లైంబ్ ట్రీ అండ్ ప్లక్ ఇప్పపువ్వు.”

ఎలుగుబంటి మాటే అబద్ధం అన్నారు మేడం. క్లాసంతా “నో మేడం!” అని అరిచింది. ఇప్పపువ్వును ఎవరైనా చెట్టెక్కి కోస్తారా? రాత్రి రాలుతది, తెల్లారి ఏరుకుంటం. మేడం పట్నం నుంచి వచ్చారు, వారికి తెలియదు. “ఫ్లవర్ ఫాల్ ఇన్ నైట్. మార్నింగ్ వీ పిక్” అని నేనే చెప్పిన. తప్పులున్నాయి. అయినా ఎవరూ నవ్వలేదు.

మనకు తెలిసింది, అడిగేవాళ్లకు తెలియనిది ఉంటే మాట దానంతట అదే వస్తుంది. 1943లో మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ గారు గోండు పంతుళ్లకు శిక్షణ ఇప్పించినప్పుడు, పిల్లల వాచకాలు గోండిలోనే తయారు చేయించారు. తెలిసినదాని నుంచి తెలియనిదానికి పోవాలనే కదా.

ఆటలతో సిలబస్ కాదని కొందరంటారు. పది నిమిషాలు చాలు. నోరు తెరవని క్లాసుకు పీరియడంతా చెప్పినా గోడకు చెప్పినట్టే.

మేడంలకు నా విన్నపం: ఆటను మొదటిరోజుకే ఆపొద్దు. ముందు జంటలుగా, తర్వాతే అందరి ముందు చెప్పించండి. భయపడే పిల్లను ఆ రోజుకు వదిలేయండి. మా ఊరి సంగతులు అడగండి. వార్డెన్ మేడం, ఆదివారం స్టడీ అవర్‌లో కూడా పది నిమిషాలు ఇవ్వండి.

నవ్వే దోస్తులకు ఒక్క మాట. మీరు మర్చిపోతరు. నేను మాత్రం మూడు నెలలు నోరు తెరవలేదు.

– 9వ తరగతి విద్యార్థిని