దిగగానే ఫోన్ చెయ్!

వైజాగ్‌లో ఎన్‌ఏడీ జంక్షన్ తెలియనివాళ్లు ఉండరు. బీటెక్ నాలుగేళ్లూ నేను అక్కడే బస్సు మారాను. ఆ మూడక్షరాలంటే నేవల్ ఆర్మమెంట్ డిపో అని మాత్రం సెకండియర్‌లో గానీ పట్టించుకోలేదు. 2016 జూలై 22న చెన్నై దగ్గర తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి బయల్దేరిన వాయుసేన ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద మాయమైంది. అందులో ఉన్న 29 మందిలో 8 మంది మన ఎన్‌ఏడీ ఉద్యోగులే.

ఏటీసీతో సంబంధాలు తెగిపోయాయి అని టీవీలో రోజంతా స్క్రోలింగ్. తెగిపోవడం అంటే ఏంటి అసలు?

రేడియో మూగబోయిన ప్రతి విమానమూ ప్రమాదంలో ఉన్నట్టు కాదు. పైలట్లు ఏటీసీతో ఎక్కువగా వీహెచ్‌ఎఫ్ రేడియోలో మాట్లాడతారు. దాని తరంగాలు తిన్నగా వెళ్తాయి, భూమి వంపు అడ్డొస్తే ఆగిపోతాయి. 35 వేల అడుగుల ఎత్తులో ఉంటే సుమారు 400 కిలోమీటర్ల వరకు అందుతాయి. నడిసముద్రం మీద హెచ్‌ఎఫ్ రేడియో, శాటిలైట్ మెసేజ్‌లే దిక్కు. నేల మీదుగా వెళ్లేటప్పుడు ఒక కంట్రోల్ సెంటర్ ఇంకో సెంటర్‌కి విమానాన్ని అప్పగిస్తూ ఉంటుంది. అలా అప్పగించినప్పుడల్లా ఫ్రీక్వెన్సీ మార్చుకోవాలి. ఒక్క అంకె తప్పు కొట్టినా అవతల నిశ్శబ్దమే.

2017 ఫిబ్రవరి 16న ముంబై నుంచి లండన్ వెళ్తున్న జెట్ ఎయిర్‌వేస్ విమానం జర్మనీ మీద ఉండగా కాసేపు పలకలేదు. లోపల 330 మంది ప్రయాణికులు. జర్మనీ యుద్ధవిమానాలు వచ్చి పక్కన ఎగిరాయి. కొన్ని నిమిషాల్లో కాంటాక్ట్ దొరికింది, అందరూ క్షేమంగా దిగారు.

అందుకే ప్లాన్ బీ ఉంటుంది. 121.5 మెగాహెర్ట్జ్ అనేది ఎమర్జెన్సీ ఫ్రీక్వెన్సీ. రేడియో పూర్తిగా పోతే పైలట్ ట్రాన్స్‌పాండర్‌లో 7600 కొడతాడు. రాడార్ తెర మీద ఆ నంబర్ చూడగానే సంగతి కిందవాళ్లకి అర్థమైపోతుంది. టవర్ నుంచి లైటు చూపిస్తారు. ఆరకుండా వెలిగే పచ్చలైటు కనిపిస్తే దిగొచ్చు.

నా ఉద్యోగంలోనూ ఇదే గొడవ. మా సర్వర్లు కొన్ని సెకన్లకోసారి ‘బతికే ఉన్నా’ అని సిగ్నల్ పంపుతాయి. దాన్ని హార్ట్‌బీట్ అంటాం. అది ఆగితే నా ఫోన్ మోగుతుంది. అర్ధరాత్రి లేచి చూస్తే చాలాసార్లు సర్వర్ బానే ఉంటుంది, మధ్యలో నెట్‌వర్కే పోయి ఉంటుంది. కానీ ఇటువైపు నుంచి చూసేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఈ మాట నాకు ఉద్యోగంలో చేరకముందే తెలుసు. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ వచ్చిన ఆదివారం. నాన్న స్టీల్ ప్లాంట్‌లో డ్యూటీలో ఉన్నారు. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. మర్నాడు సాయంత్రం దాకా నాన్న జాడ లేదు. పడిపోయిన చెట్లు దాటుకుంటూ నడిచొచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి అడిగిన మొదటి మాట, “అన్నం ఉందా?” అమ్మ జవాబు చెప్పలేదు. కూర్చుని ఏడ్చింది. మా ఇంట్లో నిశ్శబ్దం ఒకటిన్నర రోజుల్లో అయిపోయింది.

ఆ 29 ఇళ్లలో అలా అవలేదు. బతికి ఉండే ఆశ లేదని 2016 సెప్టెంబర్‌లోనే వాళ్లకి చెప్పేశారు. చూపించడానికి మాత్రం ఏమీ దొరకలేదు. 2024 జనవరిలో, చెన్నైలోని ఎన్‌ఐఓటీ పంపిన మానవరహిత జలాంతర్గామి సముద్రం అడుగున 3,400 మీటర్ల లోతులో విమాన శకలాల ఫొటోలు తీసింది. అంటే ఏడున్నరేళ్లు పట్టింది. అన్నాళ్లూ ఫోన్ మోగినప్పుడల్లా ఆ ఇళ్లలో ఏమనుకున్నారో ఊహించడానికి నాకు ధైర్యం చాలదు.

బెంగళూరు వెళ్లే ప్రతిసారీ అమ్మ “దిగగానే ఫోన్ చెయ్” అంటుంది. “గంటన్నర ఫ్లైటే కదమ్మా” అని విసుక్కునేవాణ్ని. ఇప్పుడు చక్రాలు నేలకి తగిలి, ఫోన్ ఆన్ చెయ్యొచ్చు అనగానే ముందు అమ్మకే కొడుతున్నా. ఒకటే మాట: ‘దిగాను’. అటునుంచి రెండు బ్లూటిక్‌లు వస్తాయి. మా ఇంటి పచ్చలైటు అదే.