బాబ్లీ గేట్లు, రెండో గీత

రాజనీతి శాస్త్రంలో స్పేషియల్ మోడల్ అనే పద్ధతి ఒకటుంది. వివాదంలో ఉన్న ఒక్కొక్క పక్షం కోరికను గీత మీద చుక్కగా గుర్తించి, ఆ చుక్కల మధ్య దూరాన్ని బట్టి రాజీకి ఎంత చోటుందో అంచనా కట్టడం దాని సారాంశం. ఒకే వీధిలో పోటీపడే రెండు దుకాణాల గురించి 1929లో హెరాల్డ్ హోటెలింగ్ రాసిన వ్యాసంలో దీని మూలాలున్నాయి. 1948లో డంకన్ బ్లాక్ ఇటువంటి ఆలోచననే కమిటీల నిర్ణయాలకు వర్తింపజేశాడు. తరువాతివారు దాన్ని దేశాల మధ్య చర్చల దాకా తీసుకువెళ్ళారు.

శ్రీరాంసాగర్‌కు దాపున ఉన్న మోర్తాడ్‌లో కూర్చుని ఇది చదివేవాడికి బాబ్లీ గుర్తుకు రాక తప్పదు. రాష్ట్రాలు దేశాలు కావు, నిజమే. కాని ఎగువన గేట్లు ఒకరి చేతిలో, దిగువన ఆయకట్టు మరొకరి చేతిలో ఉన్నప్పుడు తగాదా తీరు ఒకటే.

1975 అక్టోబరు 6 నాటి ఒప్పందం ప్రకారం పైఠాన్, సిద్ధేశ్వర్, నిజాంసాగర్‌ల దిగువ నుంచి పోచంపాడు దాకా కొత్త పథకాలకు మహారాష్ట్ర 60 టీఎంసీలు వాడుకోవచ్చు. బాబ్లీకి కావలసిన 2.74 టీఎంసీలు అందులోవేనని వారి వాదన. ఆ బ్యారేజీ మన జలాశయపు ముంపులోనే ఉందని మన వాదన. గీత ఒక్కటే: కట్టాలా, వద్దా. 2006లో ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2010 జులైలో బాబ్లీ చూడబోయిన చంద్రబాబు నాయుడు బృందాన్ని మహారాష్ట్ర పోలీసులు అరెస్టు చేశారు. అటువంటి వేడిలో ఏ పక్షమైనా తన చుక్కను అంగుళం జరపగలదా?

2013 ఫిబ్రవరి 28న వచ్చిన తీర్పు రెండో గీత గీసింది. అది క్యాలెండరు. జులై 1 నుంచి అక్టోబరు 28 వరకు గేట్లు ఎత్తి ఉంచాలి. మిగతా కాలంలో 2.74 టీఎంసీలకు మించి వాడరాదు. ఏటా మార్చి 1న 0.6 టీఎంసీ దిగువకు వదలాలి. మనకు ముఖ్యం వానాకాలపు వరద, వారికి ముఖ్యం ఎండాకాలపు నిల్వ. పరిమాణం అనే ఒక్క గీత మీద ఎన్నడూ కలవని కోరికలు కాలం అనే గీత చేరగానే కలిశాయి. 1979 నాటి ఈజిప్టు, ఇజ్రాయెల్ ఒప్పందమూ ఇంతే. సినాయ్‌ను పటం మీద ఎలా కోసినా తెగలేదు. భూమి ఒకరికి, అక్కడ సైన్యంపై పరిమితి మరొకరి భద్రతకు అన్నప్పుడు తెగింది.

అయితే రెండో గీత ఏదైనా సరిపోతుందని నేననుకోను. అది కంటికి కనిపించేదై ఉండాలి. ఎన్ని టీఎంసీలు ఆగాయో ఒడ్డున నిలబడ్డ రైతుకు తెలియదు. గేటు ఎత్తారో లేదో తెలుస్తుంది. ముగ్గురు సభ్యుల పర్యవేక్షక సంఘం ఉన్నా, నమ్మకం నిలిచేది ఆ దృశ్యం మీదనే. 2014లో తెలంగాణ ఏర్పడి ఒక పక్షం పేరే మారినా ఈ ఏర్పాటు చెడకపోవడానికి అదీ ఒక కారణమని నా అభిప్రాయం.

ఈ నమూనాకు కనబడనిది మరొకటుంది. ఒక రాష్ట్రాన్ని ఒకే చుక్కగా భావిస్తుంది. ముంబయి చుక్క, ధర్మాబాద్ రైతు చుక్క ఒకటి కావు. తొలకరి ఆలస్యమైన ఏడాది, జులై 1న, బ్యారేజీలో మిగిలిన నాలుగు నీళ్ళూ అతని కళ్ళముందే మన వైపు దిగిపోతాయి. ఆ నీటితో మన జలాశయం మట్టం పెద్దగా పెరగదు కూడా.