ఒక్క లింకు తీసేస్తే చాలా?

కామారెడ్డిలో ఏ మెకానిక్ షెడ్డు ముందు పది నిమిషాలు నిలబడ్డా ఈ మాట చెవిన పడుతుంది. "అన్నా, చైన్ బాగ లూజైంది. ఒక లింకు తీసెయ్యి... ఈ సీజన్ నడిపిస్త." మెకానిక్ బండికి స్టాండ్ వేసి వెనక చక్రం తిప్పుతాడు. చైన్ ఒకచోట బిగుసుకుంటుంది, ఇంకోచోట వేలాడుతుంది. మధ్యలో కిర్రుకిర్రుమని చప్పుడు. "సెట్టు మొత్తం మార్చాలె" అంటాడు. బండాయన మొహం ముడుచుకుంటుంది. రెండు నిమిషాలు బేరం నడుస్తుంది. ఎక్కువసార్లు లింకుదే గెలుపు!

ఆ లింకు ఖరీదెంతో లెక్క వేసేది మాత్రం ఎవరూ ఉండరు.

కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి నలభై కిలోమీటర్లకు అటూఇటూ. ఈ దారిలో బైకు ఒట్టి సవారీ కాదు. పొద్దున పాల క్యాన్లు, మధ్యాహ్నం యూరియా బస్తా, సాయంత్రం బడి నుంచి ఇద్దరు పిల్లలు. తారురోడ్డు దిగితే మొరం బాట, మొరం బాట దిగితే పొలంగట్టు. ఎల్లారెడ్డి దాటి నిజాంసాగర్ వైపు వెళ్తే మంజీర ఆయకట్టు. నాట్ల కాలంలో ట్రాక్టర్ చక్రాలు మోసుకొచ్చిన బురద రోడ్డంతా పరుచుకుని ఉంటుంది. ఆ బురదే ఎండి దుమ్మవుతుంది. ఆ దుమ్మే చైన్‌లోకి చేరుతుంది.

చైన్ సాగదు... అరుగుతుంది

బరువు లాగీ లాగీ చైన్ రబ్బరులా సాగిపోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఇనుప పట్టీలు సాగవు. ప్రతి లింకులోనూ ఒక పిన్ను, దాని చుట్టూ ఒక బుష్, దానిపైన తిరిగే రోలర్ ఉంటాయి. స్విట్జర్లాండ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ 1880లో మాంచెస్టర్ ప్రాంతంలో రూపొందించిన ఏర్పాటు ఇది. అప్పట్లో బట్టల మిల్లుల యంత్రాల కోసం చైన్లు చేసేవాడాయన. నూట నలభై ఏళ్లు దాటినా, మన ఇంటి ముందున్న బండిలో తిరిగేది దాదాపు అదే!

చైన్ పళ్లచక్రం మీదికి ఎక్కినప్పుడు, దిగినప్పుడు ప్రతి లింకూ వంగుతుంది. అలా వంగినప్పుడల్లా పిన్ను బుష్‌లో కాస్త తిరుగుతుంది. మధ్యలో నూనె ఉంటే పర్లేదు. నూనెలో సన్నటి మొరం పొడి కలిసిందంటే అది నూనె కాదు, సానబట్టే ముద్ద. ఒక్కో కీలు దగ్గర అరిగేది వెంట్రుకవాసే. కానీ బైకు చైన్‌లో ఇలాంటివి వందకు పైగా ఉంటాయి. అన్నీ కలిస్తే చైన్ పొడవు పెరుగుతుంది. దాన్నే మనం 'లూజైంది' అంటాం.

లింకు కథ ఇక్కడే తేలిపోతుంది. సాధారణ వంద, నూటపాతిక సీసీ బండ్ల చైన్‌లో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. 110 లింకుల చైన్ పొడవు దాదాపు 1,397 మిల్లీమీటర్లు. రెండు శాతం అరిగితే 28 మిల్లీమీటర్లు పెరుగుతుంది. షెడ్డులో 'ఒక లింకు' అనేది నిజానికి లోపలిదీ బయటిదీ కలిసిన జత. దాని పొడవు 25.4 మిల్లీమీటర్లు. ఇక రెండు శాతం అరుగుదల అంటే చైన్ తీసి పారేయాల్సిన హద్దు. అంటే లింకు తీయడానికి వీలుపడేంత లూజు వచ్చిందంటేనే ఆ చైన్ పని అయిపోయినట్టు! తీశాక పొడవు తగ్గుతుంది గానీ, మిగిలిన ప్రతి కీలూ అరిగే ఉంటుంది.

ఇంట్లోనే చూసుకోవచ్చు. చైన్ బిగువుగా పట్టి ఒక పిన్ను నడిమి నుంచి ఇరవై లింకుల అవతలి పిన్ను నడిమి వరకు కొలవాలి. పిల్లల దగ్గరుండే 30 సెంటీమీటర్ల స్కేలు చాలు. కొత్తదైతే 254 మిల్లీమీటర్లు వస్తుంది. 259 దగ్గరికొస్తే కొత్త సెట్టుకు డబ్బు పక్కన పెట్టుకోవాల్సిందే. ఒక్కచోట కొలిచి ఊరుకోకుండా మూడు నాలుగు చోట్ల చూడాలి. చైన్ అంతటా ఒకేలా అరగదు.

పాత పళ్లకు కొత్త చైన్

రెండో పొదుపు ఇంకా చిత్రమైనది. చైన్ మాత్రం కొత్తది వేసి, ముందూ వెనకా స్పాకెట్లను... అదే, పళ్లచక్రాలను పాతవే ఉంచేయడం. అరిగిన చైన్‌తో కలిసి తిరిగిన పళ్లు దాని కొలతకే అలవాటు పడి ఉంటాయి. వాటి మధ్య గుంట వెడల్పవుతుంది, కొన కొక్కెంలా ఒకపక్కకు వంగుతుంది. కొత్త చైన్ దానిమీద కుదురుగా కూర్చోదు. బరువంతా ఒకటి రెండు పళ్లమీదే పడుతుంది. పదిహేను, ఇరవై వేల కిలోమీటర్లు రావాల్సిన చైన్ అందులో సగం కూడా నడవదు.

ముందు స్పాకెట్ సంగతి మరీనూ. ముందు 14 పళ్లు, వెనక 42 ఉన్నాయనుకోండి. వెనకది ఒక్కసారి తిరిగేలోపు ముందుది మూడుసార్లు తిరగాలి. అరిగేదీ అదే ముందు. కానీ కవరు వెనక దాక్కుని ఉంటుంది కాబట్టి ఎవరి కంటా పడదు.

ఇదంతా డబ్బు లెక్కే అయితే పోనీ అనుకోవచ్చు. అరిగిన పళ్లమీద చైన్ జారితే బండికి లాగుడు ఒక్కసారిగా పోతుంది. కామారెడ్డి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి దాటుతూ, వెనక భార్యాబిడ్డలు కూర్చుని ఉండగా, రోడ్డు మధ్యలో అలా జరిగితే? వేగంలో చైన్ తెగితే ఇంకో ప్రమాదం. అది ముందు స్పాకెట్ దగ్గర చుట్టుకుపోతే ఇంజిన్ కేసింగ్ పగలొచ్చు, వెనక చక్రం పట్టేయొచ్చు. అప్పుడు బండిని ఆపడం ఎంతటి వాడికైనా కష్టం.

దుకాణంలో ఏమడగాలి?

ముందు అడగాల్సింది కంపెనీ పేరు కాదు, నంబరు. చైన్ పట్టీల మీద 428 లాంటి అంకె ముద్రించి ఉంటుంది. మొదటి 4 అంటే ఎనిమిదింట నాలుగు అంగుళాలు... పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అర అంగుళమన్నమాట. చివరి రెండంకెలు వెడల్పుకు గుర్తు. 5తో మొదలైతే దూరం 5/8 అంగుళం. బుల్లెట్ లాంటి పెద్ద బండ్లకు అది. నంబరు పక్కన 'హెచ్' అని ఉంటే పట్టీలు మరికాస్త మందం. బస్తాలు మోసే బండికి ఆ మందం పనికొస్తుంది. కానీ దాన్ని చూసి అరగని చైన్ అనుకోకూడదు. అరిగేది పట్టీ కాదు, పిన్నూ బుషూ.

చైన్, రెండు స్పాకెట్లు కలిపి ఒకే పెట్టెలో వచ్చే సెట్టే తీసుకోవాలి. బండి కంపెనీ సెట్టు అయినా సరే, చెన్నై మురుగప్ప గ్రూపు వారి డైమండ్, కోయంబత్తూరు ఎల్‌జీబీ వారి రోలాన్ లాంటి పేరున్నవైనా సరే. వంద సీసీ బండికి ఇలాంటి సెట్టు వెయ్యి రూపాయల పైమాటే. సగం ధరకే అదే పేరుతో దొరికిందంటే అనుమానించాల్సిందే. పట్టీల మీద ముద్ర స్పష్టంగా ఉందా, పెట్టెమీద ధర, తయారీ తేదీ ఉన్నాయా చూసి, బిల్లు అడిగితే నష్టమేం లేదు.

బంగారు రంగు చైన్ అనగానే కుర్రాళ్లు మనసు పారేసుకుంటారు. ఆ పూత తుప్పు పట్టకుండా కొంత కాపాడుతుంది, అంతే. రంగును బట్టి బలం రాదు. అల్యూమినియం స్పాకెట్లు కూడా అంతే. తేలికగా ఉంటాయి, రేసులకు బాగుంటాయి. మొరం రోడ్డుకు గట్టిపరిచిన స్టీలుదే సరైనది.

ఖర్చు పెట్టదగ్గ మార్పు ఒకటుంది. ఓ-రింగ్ చైన్. పట్టీల మధ్య చిన్న రబ్బరు వలయాలుంటాయి. ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజును లోపలే ఉంచుతాయి, దుమ్మును బయటే ఆపుతాయి. దీని విలువ బాగా తెలిసింది క్వాడ్ బైకులు నడిపేవారికి. రిసార్టుల్లో సరదాకు తిప్పే నాలుగు చక్రాల బండ్లవి. వాటిలో చిన్నవాటికి, రేసు రకాలకు చైనే ఉంటుంది. వెనక ఇరుసు నేలకు దగ్గరగా, చైన్ చాలావరకు బట్టబయలుగా! బురదలో ఈదినట్టే తిరుగుతుంది. మామూలు చైన్ అక్కడ ఎంతోకాలం నిలవదు. మన దగ్గర నూటయాభై సీసీ, ఆపైన చైన్ బయటికి కనిపించే బండి ఉండి, రోజూ పొలం బాట పట్టేవారికి కూడా ఓ-రింగే మేలు. వంద సీసీ బండికి నిండు కవరు ఉంటే మాత్రం మామూలు స్టీలు సెట్టు చాలు. ఆ కవరు చేసే పని తక్కువది కాదు.

బరువులు లాగడానికి ముందు స్పాకెట్ ఒక పన్ను తగ్గించడం కొందరి అలవాటు. లాగుడు పెరిగే మాట నిజమే. కానీ చక్రం చిన్నదైన కొద్దీ చైన్ ఎక్కువ వంగుతుంది, త్వరగా అరుగుతుంది. కంపెనీ ఇచ్చిన పళ్ల లెక్కే ఉంచుకుంటే మంచిది.

వరద తర్వాత...

2025 ఆగస్టు చివర్లో కురిసిన వానకు కామారెడ్డి జిల్లాలో చాలాచోట్ల రోడ్లు తెగాయి, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. అలాంటప్పుడు నీళ్లలో మునిగిన బండిని స్టార్ట్ చేయించడం మీదే అందరి ధ్యాసా. చైన్‌ను ఎవరూ పట్టించుకోరు. నిజానికి నూనె కడుక్కుపోయి, ఒండ్రు చేరిన చైన్‌కు అంతకన్నా చేటు లేదు. ఆ వారంలోనే కవరు విప్పించి, కిరోసిన్‌లో ముంచిన మెత్తటి బ్రష్‌తో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, 90 నంబరు గేర్ ఆయిల్ పల్చగా పట్టించాలి. ఓ-రింగ్ చైన్ అయితే పెట్రోలు, ఇనుప బ్రష్ దగ్గరికి రానివ్వకూడదు. రబ్బరు పాడవుతుంది. ఇంజిన్‌లోంచి తీసిన నల్లటి వేస్ట్ ఆయిల్ పోసే అలవాటు చాలా షెడ్లలో ఉంది. అందులో ఇంజిన్ అరిగిన పొడి, మసి ఉంటాయి. ఊరికే వచ్చిందని పోయించుకోవడం దండగ.

బిగింపు కూడా చూసుకోవాలి. కింది వరుస నడుమ వేలితో పైకీ కిందికీ కదిపితే ఎంత ఆడాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. చాలా బండ్లకు అది రెండు మూడు సెంటీమీటర్లు. తీగలా బిగిస్తే చప్పుడు పోతుంది గానీ, ఇద్దరు ఎక్కగానే చైన్ ఇంకా బిగుసుకుని గేర్‌బాక్స్ బేరింగును తినేస్తుంది. చైన్ లాక్‌కు పెట్టే క్లిప్ మూసిన వైపు చైన్ పరుగెత్తే దిక్కుకు ఉండాలి. తిరగేసి పెడితే దారిలో ఊడొచ్చు.

సెట్టు మార్చాక కొన్ని షెడ్లలో కవరు పక్కన పడేస్తారు. బోల్టు దొరకలేదనో, చప్పుడు చేస్తోందనో. వెనక చక్రం సగం కప్పేలా రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతోంది. చీర, చున్నీ చుట్టుకోకుండా పెట్టిన నియమం అది. చైన్ కవరుదీ అలాంటి పనే. ఇంటి ముందు స్టాండ్ వేసిన బండి చక్రాన్ని ఒక పిల్లాడు తిప్పుతుంటే ఇంకొకడు చైన్ దగ్గర వేలు పెట్టడానికి ఎంతసేపు? వేలు నలిగిపోవడానికి క్షణం చాలు. కవరు తిరిగి బిగించి, బోల్టులన్నీ పడ్డాయని చూపించేదాకా మెకానిక్ చేతిలో డబ్బు పెట్టొద్దు.