మా మాట గులకరాళ్ళ చప్పుడు కాదు

పష్తో ఎట్లా వుంటుందని అడిగితే ఒక కథ చెప్తారు. దేశదేశాల భాషలు నేర్చుకు రమ్మని ఒక రాజు మంత్రిని పంపాడట. మంత్రి అన్ని భాషలూ వినిపించి, పఠాన్ల భాష దగ్గరికొచ్చేసరికి డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించాడట. అందరూ నవ్వుతారు. మాకు నవ్వు రాదు. చెన్నూరు నుంచి పొద్దుటూరు దాకా ఇంటిపేరు పఠాన్ అయిన ప్రతి మనిషి నోట్లో ఆ రాళ్ళే వున్నాయని మీరు నమ్ముతున్నారు గనుక.

ముందు పష్తో సంగతే చూద్దాం. నాలుక మడిచి పలికే ట, డ, ణ దాన్ని మోటు చేశాయా? అవి తెలుగులో లేవా? 'బండి', 'బాణం' అనే నోటికి అవి మోటెట్లా అయినాయి? పష్తోకి ఒక్క యాస కూడా కాదు. కాందహార్ వైపు మెత్తగా 'పష్తో' అంటే, పెషావర్ వైపు గట్టిగా 'పఖ్తో' అంటారు. బయటివాడికి మాత్రం అంతా ఒకటే చప్పుడు. ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ 1928లో 'పఖ్తూన్' పత్రిక పెట్టింది ఈ భాషలోనే. తన జనానికి అహింస నేర్పింది ఈ భాషలోనే. ఆయనకు 1987లో ఈ దేశం భారతరత్న ఇచ్చింది. అహింస పలికిన భాషలో కత్తుల చప్పుడు వినపడితే తప్పు నాలుకదా, చెవిదా?

ఇక మా సంగతి. కడపనేలిన మయానా నవాబులు పఠాన్లే. 1779లో హైదర్ అలీ సిద్ధవటం పట్టుకోవడంతో వాళ్ళ ఏలుబడి పోయింది. పేరు మిగిలింది, పష్తో మిగల్లేదు. మాకు ఆ భాష ముక్క కూడా రాదు. మా అమ్మీలు మాట్లాడేది దక్కనీ. మీరు 'తురకం' అంటారే, అది.

ఒకసారి చెవి పెట్టి వినండి. మేము 'క్యా హోనా' అంటాం. ఢిల్లీవాడు 'క్యా చాహియే' అంటాడు. మాది 'ఏం కావాల' అనే తెలుగు మాటే. 'ఆతూఁ బోల్కే బోల్యా' అంటాం. 'వస్తానని చెప్పినాడు' అనడమే అది. మీ 'అని' మా 'బోల్కే' అయింది. మా 'నక్కో' మరాఠీది. పక్కపక్కన బతక్కుండా, ఒకరి వాకిట్లో ఒకరు కూర్చోకుండా, మాట లోపలికి మాట ఇట్లా వస్తుందా?

ఇంతా చేస్తే ఉత్తరాది ఉర్దూవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుతారు. మాకు 'ఖాఫ్' పలకడం రాదట. మాలో చదువుకున్న పెద్దలు కొందరు ఆ నవ్వుకే తాళం వేస్తారు. 1635లో గోల్కొండలో వజ్హీ 'సబ్‌రస్' రాసింది ఈ దక్కనీలోనే అని వాళ్ళకు గుర్తుండదు. ఇటు తిరిగితే 'తురక తెలుగు' అని మీ నవ్వు. సినిమాలో సాయిబు నోరు తెరిస్తే విభక్తులు విరగాల్సిందే, హాలంతా నవ్వాల్సిందే. ఢిల్లీకి మేము మదరాసోళ్ళం. తెలుగుకు మేము పరాయిదేశం వాళ్ళం. మరి మేమెవరం?

ఈ నవ్వు ఉత్త నవ్వు కాదు. బడిలో జవాబు తెలిసిన పిల్లవాడు ఆ నవ్వుకు భయపడి చెయ్యెత్తడు. టవున్లో గది అద్దెకు అడిగితే, నాలుగు మాటలు విన్నాక 'ఇప్పుడే వేరేవాళ్ళకిచ్చేసినాం' అంటారు. యాస వెనక వాళ్ళు విన్నది పేరు, పేరు వెనక మతం.

కడప అన్నలారా, ఈ బాధ మీకు తెలియంది కాదు. మీ యాసను బాంబులేసేవాడి నోట్లో పెట్టి సినిమాలు తీసినప్పుడు మీకు కడుపు మండలేదా? 'యాడికి పోతాండావ్' అంటే కోస్తావాళ్ళు ఇకిలించినప్పుడు మండలేదా? అదే మంట మాది. మీ యాసకు గౌరవం అడిగే నోటితో మా యాసను వెక్కిరించడం కుదరదు.

మా నాలుకలు సాపు చెయ్యమని మేమెవర్నీ అడగడం లేదు. డబ్బాలో రాళ్ళు వేసింది మంత్రి. ఆ డబ్బా కింద పెట్టి వినండి.