ఆ సైంటిస్టుకి పిచ్చి లేదు

సినిమాలో విలన్‌కి పిచ్చి అని తేలిపోగానే మనం ప్రశ్నలు వేయడం మానేస్తాం. పిచ్చివాడు కాబట్టి చేశాడు, హీరో వచ్చి చంపాడు, కథ కంచికి మనం ఇంటికి. సూపర్‌హీరో సినిమాల్లో సైంటిస్టు విలన్లకి ఈ ముద్ర తప్పదు. చెదిరిన జుట్టు, కాలిన ముఖం, వికటాట్టహాసం, గాజు గొట్టాల్లో బుసబుసలాడే ఆకుపచ్చ ద్రవం. దుర్మార్గం అంటే ఇలా ఉంటుందని మన పిల్లలు నేర్చుకుంటున్నారు. అది శుభ్రంగా దువ్వుకున్న తలతో, చేతిలో ఫైలుతో, సంతకం కోసం కూడా రావచ్చని వాళ్ళకి ఎవరు చెప్పాలి?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. కొంతకాలం క్రితం ఒక ఆడపిల్లల హాస్టల్లో ఆరోగ్య హక్కుల మీద వర్క్‌షాపు నిర్వహించాం. సాయంత్రం పిల్లలు టీవీలో డబ్బింగ్ సూపర్‌హీరో సినిమా చూస్తున్నారు. నేనూ వాళ్ళ మధ్య చాప మీద కూర్చున్నాను. "వీడెందుకు చెడ్డోడు?" అని పక్కనున్న అమ్మాయిని అడిగాను. "పిచ్చోడు గదా మేడం. మనుషులకి చెప్పకుండా మందులెక్కిస్తడు" అంది. వెంటనే ఇంకో పిల్ల, "మొన్న మనకి సూదేసినప్పుడు మాత్రం ఏం మందో చెప్పిన్రా?" అంది. అందరూ పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మేం రోజంతా చార్టులు పెట్టి చెప్పలేకపోయింది ఆ పిల్ల ఒక్క మాటలో చెప్పింది.

ఇంతకీ ఈ సినిమాలు సైంటిస్టు దుర్మార్గానికి చూపించే కారణాలేమిటి? 'స్పైడర్‌మ్యాన్' (2002)లో నార్మన్ ఆస్బోర్న్ సైన్యం కాంట్రాక్టు చేజారిపోతుందన్న భయంతో మందుని తన మీదే ప్రయోగించుకుని మతి తప్పుతాడు. 'స్పైడర్‌మ్యాన్ 2' (2004)లో ఆక్టోపస్ డాక్టరుకి ప్రయోగం వికటించి భార్య చనిపోతుంది, ఇనుప చేతులు అతని బుర్రని లోబరుచుకుంటాయి. 'బ్యాట్‌మ్యాన్ అండ్ రాబిన్' (1997)లో ఫ్రీజ్ జబ్బుపడిన భార్యని మంచులో భద్రపరిచి, ఆమెని బతికించడం కోసం నగరాన్ని గడ్డకట్టించబోతాడు. ప్రమాదం, పిచ్చి, భార్య మీద ప్రేమ. అంటే దుర్మార్గం అతని బయటినుంచి వచ్చి మీద పడింది. అతని చేత మందు చేయించిన సైన్యం, డబ్బు పెట్టిన కంపెనీ, తొందరపెట్టిన అధికారి, వీళ్ళెవరూ అసలు విలన్లు కారు. పిచ్చి అనే ఒక్క మాట ఇంతమందిని కాపాడుతుంది.

ఆ మాట ఇంకో అన్యాయం కూడా చేస్తుంది. మానసిక అనారోగ్యంతో ఉన్నవాళ్ళంటే భయపడాలని నేర్పిస్తుంది. ఎదురు తిరిగిన ఆడదానికి పిచ్చి అని పేరుపెట్టి పుట్టింటికి పంపేసిన కేసులు, ఆస్తి అడిగితే ఆస్పత్రిలో చేర్పించిన కేసులు మన కార్యకర్తలకి కొత్త కాదు. ఆ పదం ఎవరి చేతిలో ఆయుధమో తెలిసిన మనం దాన్ని తెరమీద చూసి చప్పట్లు కొట్టలేం.

ఈ విషయంలో మన పాత జానపద సినిమాలే నయం. 'పాతాళభైరవి' (1951)లో నేపాళ మాంత్రికుడికి పిచ్చి అని ఎవరూ అనరు. అతనికి ఏం కావాలో అతనికి స్పష్టంగా తెలుసు. తన సిద్ధి కోసం ఒక యువకుడి తల కావాలి. తల్లికి ఒక్కగానొక్క కొడుకుని, కోరిక తీరుస్తానని నమ్మించి, అసలు సంగతి దాచిపెట్టి, బలిపీఠం దాకా నడిపించుకుపోతాడు. ఇందులో పిచ్చి లేదు, లెక్క ఉంది. తన ఫలితానికి ఇంకొకరి శరీరం ఖర్చు. ఆ ఖర్చు పెట్టే మనిషికి మాత్రం చెప్పడు. మాంత్రికుడి గడ్డం తీసేసి తెల్లకోటు తొడిగితే సూపర్‌హీరో సినిమా సైంటిస్టు తయారు.

నా దృష్టిలో ఈ విలన్ని నిజంగా దుర్మార్గుణ్ణి చేసేది ఇదే. ఎవరిని అడగాలో, ఎవరిని అడగనక్కర్లేదో ముందే నిర్ణయించుకోవడం. జ్ఞానం దుర్మార్గం కాదు, ప్రయోగం దుర్మార్గం కాదు. ఫలానావాళ్ళ శరీరం అడగకుండా వాడుకోదగ్గది అన్న తీర్మానమే దుర్మార్గం.

దీన్ని రుజువు చేసే సినిమా కూడా హాలీవుడ్డే తీసింది, తనకి తెలియకుండానే. 'కెప్టెన్ అమెరికా: ది ఫస్ట్ అవెంజర్' (2011)లో ఇద్దరు సైంటిస్టులున్నారు. ఇద్దరూ మనుషుల మీద ప్రయోగాలు చేస్తారు. ఎర్‌స్కిన్ అనే డాక్టరు స్టీవ్ రోజర్స్ అనే బక్క కుర్రాడికి మందు ఎక్కించే ముందురోజు రాత్రి అతని పక్కన కూర్చుంటాడు. ఈ మందు ఇంతకుముందు ఎవరు ఎక్కించుకున్నారో, ఆ మనిషి ఏమైపోయాడో దాచకుండా చెప్తాడు. స్టీవ్ తెలిసి ఒప్పుకుంటాడు. అదే సినిమాలో జోలా అనే సైంటిస్టు యుద్ధఖైదీగా దొరికిన బకీని బల్లకి కట్టి ప్రయోగం చేస్తాడు. ఒకరు హీరో అయ్యాడు, ఇంకొకరు జ్ఞాపకాలు చెరిపేసిన హంతకుడయ్యాడు. సైన్సులో తేడా కొంతే. అసలు తేడా అడగడంలో ఉంది.

2014లో వచ్చిన 'ది వింటర్ సోల్జర్' ఇంకో అడుగు వేసింది. యుద్ధం అయ్యాక జోలాని శిక్షించలేదనీ, పిలిచి ఉద్యోగమిచ్చారనీ చెప్పింది. ఇది కల్పనేం కాదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత 'ఆపరేషన్ పేపర్‌క్లిప్' పేరుతో అమెరికా 1,500 మందికి పైగా జర్మన్ శాస్త్రవేత్తల్ని, ఇంజనీర్లని తెచ్చుకుంది. వారిలో నాజీ పార్టీవాళ్ళూ ఉన్నారు. 2021లో వచ్చిన 'ది ఫాల్కన్ అండ్ ది వింటర్ సోల్జర్' సీరియల్లో ఐజయా బ్రాడ్లీ అనే నల్లజాతి ముసలాయన కనిపిస్తాడు. స్టీవ్‌కిచ్చిన లాంటి మందే ఆయనకీ, తోటి నల్ల సైనికులకీ ఏమిటో చెప్పకుండా ఎక్కించారు. స్టీవ్ పేరుతో మ్యూజియంలో ప్రదర్శన పెట్టారు, ఐజయాని 30 ఏళ్ళు జైల్లో పెట్టి పరీక్షలు చేశారు. దీని వెనక అలబామాలోని టస్కీగీ ఉంది. అక్కడ 1932 నుంచి 1972 దాకా అమెరికా ప్రజారోగ్య శాఖ సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి పురుషులకి నిజం చెప్పకుండా, పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వకుండా, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చుంది. ఐజయా కథలో పిచ్చి సైంటిస్టు లేడు. ప్రభుత్వం ఉంది.

మరి ఆడవాళ్ళ సంగతి? ఫ్రీజ్ భార్యకి, ఆక్టోపస్ భార్యకి కథలో ఒకటే పని. మగవాడికి పిచ్చెక్కడానికి కారణం కావడం. ఇంకా బాధ కలిగించేది 'ఏజ్ ఆఫ్ అల్ట్రాన్' (2015). రెడ్ రూమ్ అనే రహస్య శిక్షణాలయంలో తనకి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారని నటాషా చెప్తుంది. ఆ వెంటనే తనని తాను రాక్షసుల లెక్కలో వేసుకుంటుంది. కోత పెట్టినవాడు తెరమీద లేడు, కోతకి గురైన స్త్రీ రాక్షసి అయింది. 2021లో 'బ్లాక్ విడో' సినిమా కొంతవరకు ఆ తప్పు దిద్దుకుంది. రెడ్ రూమ్ అధిపతి డ్రేకోవ్‌కి ప్రపంచంలో కావలసినదానికన్నా ఎక్కువగా దొరికే ముడిసరుకు ఆడపిల్లలు. అతనికి జుట్టు చెదరలేదు, అట్టహాసం లేదు, ఆఫీసుంది. ఆ పిల్లల మెదళ్ళని లోబరుచుకునే పద్ధతి కనిపెట్టింది మెలీనా అనే స్త్రీ, తాను కూడా అక్కడే పెరిగింది. ఇది మనం గమనించాలి. ఆ తీర్మానాన్ని అమలు చేయడానికి పితృస్వామ్యానికి ఆడవాళ్ళ చేతులు కూడా పనికొస్తాయి.

"లోకకల్యాణం కోసం కొంత నష్టం తప్పదు కదా" అనేవాళ్ళకి జవాబు 'గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ' మూడో భాగం (2023)లో ఉంది. అందులో హై ఎవల్యూషనరీ కోరేది లోపంలేని సమాజమే. దానికోసం చిన్నచిన్న జంతువుల్ని కోసి కుట్టి, పనైపోయాక పారేయబోతాడు. తాను తయారుచేసిన లోకం నచ్చకపోతే దాన్నే కాల్చేస్తాడు. అతని అరుపులకి నేను భయపడలేదు. ఆశతో ఎదురుచూసే ఆ ప్రాణులు అతనికి సరుకుగా మాత్రమే కనిపించడం చూసి భయపడ్డాను. లోకకల్యాణం అన్నప్పుడల్లా, ఆ లోకంలో వీళ్ళు ఉన్నారా అని అడగాలి.

ఇప్పుడు హాస్టల్ పిల్ల అన్న మాటకి వద్దాం. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూది వేయడానికి ఆడవాళ్ళని పోగుచేశారు. అది ప్రయోగమని వాళ్ళకి తెలియదు. హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు అక్కడికి వెళ్ళి ప్రశ్నించారు, 1986లో ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ తర్వాత పాఠం నేర్చుకున్నారా? 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకాలు వేశారు. ఎక్కువమంది పేద పిల్లలు, చాలామంది ఆదివాసీ పిల్లలు. నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ, సహకరించింది భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం. 2010లో ఆపేశారు. 2013 నాటి పార్లమెంటు స్థాయీసంఘం నివేదిక ప్రకారం, పరిశీలించిన 9,543 అనుమతి పత్రాల్లో 2,763 మీద సంతకాలు చేసింది హాస్టల్ వార్డెన్లు. 1,948 మీద ఉన్నవి వేలిముద్రలు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నేను టీకాకి వ్యతిరేకిని కాను. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని ఆపగల టీకా మన పిల్లలకి అందాల్సిందే. ఆ కార్యక్రమంలో చనిపోయిన పిల్లల మరణాలకి టీకాతో సంబంధం లేదనే విచారణ కమిటీ అభిప్రాయపడింది. నా ప్రశ్న వేరు. డబ్బున్న ఇంటి పిల్లకి సూది వేయాలంటే తల్లిని అడుగుతారు. హాస్టల్ పిల్లకి వార్డెన్ సంతకం చాలని ఎవరు తీర్మానించారు?

ప్రయోగాలకే కాదు, టార్గెట్లకీ ఇదే వర్తిస్తుంది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపులు మూడేళ్ళలో ఆపేయాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో ఒకే క్యాంపులో 34 మంది స్త్రీలకి ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. అక్కడ ఎవరికీ పిచ్చి లేదు. ఎవరూ వికటంగా నవ్వలేదు. రిజిస్టరులో అంకె నిండింది.

అందుకే సూపర్‌హీరో కోసం ఎదురుచూడమని మన పిల్లలకి నేర్పొద్దు. ఆ సినిమాలు చూడొద్దని కూడా చెప్పొద్దు. కలిసి కూర్చుని చూద్దాం. తెరమీద పిచ్చి సైంటిస్టు నవ్వినప్పుడల్లా మూడు ప్రశ్నలు అడగమందాం. బల్ల మీద పడుకోబెట్టింది ఎవరిని? వాళ్ళని అడిగారా? డబ్బు, సంతకం ఎవరివి? రేపు సూది పట్టుకుని హాస్టల్ గుమ్మంలోకి ఎవరైనా వస్తే ఇవే ప్రశ్నలు పనికొస్తాయి. పటాన్‌చెరులో ఎవరూ ఎగురుకుంటూ రాలేదు. కొందరు ఆడవాళ్ళు బస్సెక్కి వెళ్ళి, ఈ మందేమిటని అడిగారు.