అలిగిన ఆటగానిని సాగనంపవలెనా?



అమెరికా బేస్‌బాల్‌లో అసంతృప్తి ప్రకటించిన పాత ఆటగానిని వెంటనే వేఱొక జట్టునకు మార్పిడి చేయుటయే క్షేమమనియు, ఒక్కని అలుక జట్టునంతటిని చెఱచుననియు గత సంచికలో ఒక పాఠకులు వ్రాసిరి. ఒక్కొక్క ఋతువునకు 162 ఆటలు కలిసి ఆడవలసినవారి నడుమ మనఃస్పర్ధలు స్వల్పవిషయము కావు గనుక వారి ఆందోళన నిరాధారమనను. అయినను మైదానమున పని మానినవానిని పంపివేయవచ్చును గాని, నోరు విప్పినంతమాత్రమున ఎవనిని పంపివేయరాదని నా మనవి.

న్యూయార్క్ మెట్స్ 1969లో వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు ఆ జట్టునకు ప్రధానబలమై, ఆ యేటితో కలిపి వారి పక్షముననే మూడు పర్యాయములు ఉత్తమ పిచ్చర్‌కిచ్చు సై యంగ్ పురస్కారము నందిన పిచ్చర్ టామ్ సీవర్, ఆటగాండ్రకు కోరిన జట్టులో చేరు స్వేచ్ఛ లభించి వేతనములు ఒక్కుమ్మడిగా పెరిగిన ఆ దినములలో, తన ఒప్పందమును సవరింపుడనియు, సమర్థులను చేర్చుకొని జట్టును బలపఱుపుడనియు యాజమాన్యమును కోరెను. యాజమాన్యము దానిని ధిక్కారముగా నెంచెను; పత్రికలలో నిందలు చెలరేగెను; తుదకు 1977 జూన్ 15న నలుగురు ఆటగాండ్రను పుచ్చుకొని ఆయనను సిన్సినాటి రెడ్స్‌కు ఇచ్చివేసిరి. అలుక ఆయన చేతిని మందగింపజేసెనా? ఆ యేడు రెండు జట్లలోను కలిపి 21 ఆటలు గెలిచి ఆఱింట మాత్రమే ఓడెను. మఱుసటి యేడు సిన్సినాటి పక్షమున, ఎదుటివారికి ఒక్క హిట్టైనను ఈయక, నో-హిటర్ సాధించెను. మెట్స్ జట్టో, 1977 మొదలు వరుసగా మూడేండ్లు తన విభాగమున అట్టడుగుననే నిలిచెను. సీవర్ నిష్క్రమణ మొక్కటియే దీనికి కారణమనను. ఆయన వేలెత్తి చూపిన లోపమే వారిని ముంచినది. ఫిర్యాదు చేసినవాడు వెడలిపోయెను, ఫిర్యాదునకు హేతువు మాత్రము అచటనే మిగిలెను.

దీనికి భిన్నమైనది మానీ రమిరేజ్ ఉదంతము. 2004 వరల్డ్ సిరీస్‌లో అత్యుత్తమ క్రీడాకారుడుగా ఎన్నికైన ఈ మహాబ్యాటరు, 2008 వేసవిలో జట్టు ప్రయాణవ్యవహారములు చూచు వృద్ధోద్యోగిని త్రోసివేసెను. మోకాలి నొప్పియని ఆటకు దూరము కాగా, అది నిజమగునా యని బోస్టన్ రెడ్ సాక్స్ యాజమాన్యము సందేహించెను. ఇట నశించినది సౌమనస్యము కాదు, విశ్వాసము. అయినను బోస్టన్ కోపావేశమున ఆయనను పాఱవేయలేదు. మూడు జట్ల ఒప్పందమున జూలై 31న ఆయనను లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్‌కు ఇచ్చి, మిగిలిన వేతనమును తానే భరించి, అదే లెఫ్ట్ ఫీల్డ్ స్థానమునకు పిట్స్‌బర్గ్ నుండి జేసన్ బేను తెచ్చుకొని, ఆ యేడు అమెరికన్ లీగ్ అంతిమపోటీ ఏడవ ఆట వఱకు పోయినది. మానీయు క్రొత్తచోట 53 ఆటలలో 17 హోమ్‌రన్లు కొట్టెను.

మార్పిడి కోరువారు మఱచు అంశములు మఱి రెండు గలవు. 1969లో తన్ను ఫిలడెల్ఫియాకు మార్చగా కర్ట్ ఫ్లడ్ అను ఆటగాడు పోనని న్యాయస్థానమున పోరాడి ఓడినను, మేజర్ లీగ్‌లలో పదియేండ్లు ఆడి, అందు చివరి అయిదేండ్లు ఒకే జట్టున నున్నవాడు తన మార్పిడిని నిరాకరింపవచ్చునను నియమము 1973లో ఏర్పడెను. కాన పాత ఆటగాడు ఇష్టము వచ్చినచోటికి తోలదగిన సరుకు కాడు. రెండవది ధర: పొడుచు ఎద్దని ఊరెల్ల చాటి సంతకు తోలుకొనిపోయినవానికి మంచి వెల పలుకునా? కలహమును రచ్చకెక్కించిన జట్టునకు ఎదుటివారు సగము విలువయు ఈయరు.

కావున యాజమాన్యము ముందుగా ఫిర్యాదును విచారించి, న్యాయమైనదైనచో తీర్పవలెను. ఆటగాడు పని ఎగవేయుచున్నాడని తేలినచో, అతని స్థానమునకు తగినవానిని సిద్ధపఱుచుకొని, అవసరమైనచో వేతనభారమును మోసియైనను, సద్దుచేయక పంపవలెను. అభిమానుల కేకలకు జడిసి చేయు మార్పిడి ఈ రెంటిలో ఏదియు కానేరదు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక బేస్‌బాల్ అభిమాని