సూక్ష్మజీవులును, మన ముంగిటి మూగజీవులును

మా గరిడేపల్లి ప్రాంతమున బాలురనుగాని బాలికలనుగాని "పెద్దయైన పిమ్మట నేమి చదువుదువు?" అని యడిగినచో డాక్టరనియో, ఇంజనీరనియో బదులు వచ్చును. పశువైద్యమనువారు, సూక్ష్మజీవశాస్త్రమనువారు మిక్కిలి యరుదు. "గొడ్ల డాక్టరా?" యని యింటివారే నవ్వుదురని వారి భయము. ఆ నవ్వు తగదని మా యభిప్రాయము.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రమును చూడుడు. స్ప్రూ యను ప్రేవుల రోగము వారి సోదరుని బలిగొనెను. వారిని సయితము పీడించెను. వారు 1923లో అమెరికాకేగి, హార్వర్డున పరిశోధించి, 1940లో లెడర్లే ప్రయోగశాలను చేరిరి. 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా సిద్ధపరచిన వారి బృందమునకు కొలమానమైనది లాక్టోబాసిల్లస్ కేసీ యను సూక్ష్మజీవి. పాలపదార్థములలోను, ప్రేవులలోను వసించు నా జీవి ఫోలిక్ ఆమ్లము లేనిదే పెరుగదు. 1948లో వారి నాయకత్వముననున్న ఆ ప్రయోగశాలనుండియే డగ్గరు పండితుని ఆరియోమైసిన్ వెలువడెను. నేడు స్ప్రూ రోగమునకు ఫోలిక్ ఆమ్లమును, ఆరియోమైసిన్ జాతి మందును కలిపి యిచ్చుచున్నారు. 1947లో వారి పరిశోధనాలయము వెలువరించిన హెట్రజాన్ బోదకాలు వ్యాధికే గాక, కుక్కల గుండెలో చేరు పురుగును నివారించుటకును చిరకాలము వాడబడెను. మనుష్యునికొక శాస్త్రము, మూగజీవికొక శాస్త్రము లేవనుట కింతకన్న సాక్ష్యమేల?

అయితే మందు మేలుతోపాటు కీడును తేగలదు. ఆరియోమైసిన్ మేతలో కలిపిన కోడిపిల్లలు త్వరగా పెరుగునని తెలిసిన పిమ్మట నట్టి వాడుక దేశదేశముల ప్రబలి, మందులకు లొంగని సూక్ష్మజీవులు హెచ్చుట కొక కారణమయ్యెను. బరువు పెంచుటకై యిట్టి మందులను మేతలో కలుపుటను యూరోపియన్ యూనియన్ 2006లో నిషేధించెను. మనమో, కుక్కపిల్లకు విరేచనములైన నింట మిగిలిన బిళ్లను మ్రింగింతుము. ఆ బిళ్ల మేలుచేయు సూక్ష్మజీవులనుకూడ చంపునని యెరుగము. ఆవు తిన్న గడ్డిని జీర్ణము చేయునవి దాని కడుపులోని సూక్ష్మజీవులే గదా!

కావున తలిదండ్రులారా, పశువైద్యుని యడుగక మూగజీవులకు మందు పెట్టకుడు. మీ బిడ్డ పశువైద్యము చదువుదునన్న నవ్వకుడు. రాజేంద్రనగరున నందుకు విశ్వవిద్యాలయమే కలదు. విద్యార్థులారా, మీ యింటి పాడియు, వాకిటి కుక్కయు నోరు విప్పి బాధ చెప్పుకొనలేవు. వాని బాధను తెలిసికొను చదువు చిన్నచదువు కాదు.